పెద్ద తెరయా? మేలి చిత్రమా?

ఇటీవల మన ప్రాంతమున నొక ప్రశ్న తఱచుగా వినబడుచున్నది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలోని అంగళ్లయందు గోడంత టెలివిజనులు నిలువబెట్టబడి యున్నవి. వానిలో నూఱు అంగుళముల తెరలును గలవు. ఒకప్పుడు ధనవంతులకే చెల్లిన యీ వస్తువు నేడు నెలవాయిదాలపై సామాన్య కుటుంబములకును అందుచున్నది. 32 అంగుళములకు మించిన టెలివిజనులపై వస్తుసేవల పన్ను 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి నూటికి 28 నుండి 18కి తగ్గింపబడుటయు నిందుకు తోడ్పడెను. అంగడికి బోయినవాని యెదుట రెండు వస్తువు లుండును. ఒకటి నూఱు అంగుళముల సాధారణమైన తెర. రెండవది డెబ్బదియైదు అంగుళములదే గాని, చిత్రము మిక్కిలి మేలైనది. రెంటి ధరయు నించుమించుగా నొకటియే. ఏది కొనవలెను?

ఇది వినోదమునకు సంబంధించిన స్వల్పవిషయమని కొందఱు తలంపవచ్చును. మేమట్లు తలంపము. మరమగ్గముపై జీవించు కుటుంబమునకును, గల్ఫు దేశములనుండి కుమారుడు పంపు సొమ్ముపై జీవించు కుటుంబమునకును ఇది కొన్ని నెలల సంపాదనము. పాఠశాల కొనునెడల అనేకుల విరాళముల ఫలము. కావున తెర పరిమాణమును చిత్రపు నాణ్యమును ఏ త్రాసున తూచవలయునో యీ వ్యాసమున తెలుప యత్నించెదము. ఇందు కొన్ని లెక్కలు గలవు. గుణకార భాగహారములు వచ్చినవారి కవి కఠినములు గావు.

అంగుళములను గూర్చి

టెలివిజను కొలత యనగా తెర యొక్క ఒక మూలనుండి ఎదుటి మూలకు గల కర్ణపు పొడవు. అది వెడల్పును గాదు, ఎత్తును గాదు. నేటి తెరలు వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లుగా నుండును. కావున నూఱు అంగుళముల తెర సుమారు 87 అంగుళముల వెడల్పు, 49 అంగుళముల ఎత్తు గలిగి యుండును. 75 అంగుళముల తెర వెడల్పు 65, ఎత్తు 37 అంగుళములు. పైథాగొరసు సిద్ధాంతము చదివిన విద్యార్థులు దీనిని తామే సరిచూచుకొనవచ్చును.

వైశాల్యము కర్ణపు వర్గమును బట్టి పెరుగును. 75 నుండి 100కు బోయినచో కర్ణము మూడవ వంతు మాత్రమే పెరిగినది. కాని వైశాల్యము ఇంచుమించు ఒకటియు ముప్పాతిక రెట్లయినది. 50 నుండి 100కు బోయినచో వైశాల్యము రెండింతలు గాక నాలుగింతలగును. ఈ పెరుగుదల కంటికి పండుగవంటిదే. కాని తెరకు వచ్చు చిత్రము తాను పెరుగదు. వచ్చినంత చిత్రమే అంత వైశాల్యమునకు పరచబడవలయును. సమస్త వివాదమునకును మూల మిదియే.

సిరిసిల్ల వస్త్రము నేర్పు పాఠము

పరచుట యనునది సిరిసిల్లవారికి వేఱుగా చెప్ప నక్కఱలేదు. ఆ పట్టణమున వేలకొలది మరమగ్గములు నడచుచున్నవి. వస్త్రపు గుణము తెలియవలెనన్న అంగుళమునకు పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని యని లెక్కింతురు. ఉన్న పోగులనే యెక్కువ వెడల్పునకు సాగదీసినచో వస్త్రము పలుచనగును. అగ్గిపెట్టెలో నిముడు చీరను నేసిన నేర్పరు లా యూరివారే. 2022లో సిరిసిల్ల నేతకారుడు హరిప్రసాదు జి-20 చిహ్నమును తన మగ్గముపై నేసి ప్రధానమంత్రికి పంపగా, ఆయన ఆ నవంబరు నెల రేడియో ప్రసంగమున దానిని ప్రస్తావించెను. చిన్న వస్త్రమున నట్టి సూక్ష్మరూపము తేటగా గనబడవలెనన్న పోగులు దట్టముగా నుండవలయును.

టెలివిజను తెరయు నట్టి వస్త్రమే. దాని పోగులు పిక్సెళ్లు, అనగా మిక్కిలి చిన్నవైన వెలుగు చుక్కలు. నేడు పెద్ద టెలివిజనులలో చాలవఱకు 4కె అను తరగతికి జెందినవి. వానిలో అడ్డముగా 3840, నిలువుగా 2160, మొత్తము 82,94,400 చుక్క లుండును. తెర 55 అంగుళము లైనను 100 అంగుళము లైనను ఈ సంఖ్య మారదు. కావున 55 అంగుళముల తెరపై అంగుళమునకు 80 చుక్కలు, 75 అంగుళముల తెరపై సుమారు 59, నూఱు అంగుళముల తెరపై 44 వచ్చును. నూలు పెరుగలేదు, మగ్గము వెడల్పయినది.

అయినను పలుచదన మన్ని వేళల దోషము గాదు. వస్త్రమును ముక్కునకు దగ్గఱగా బట్టి చూచినచో పోగులు గనబడును. నాలుగడుగులు వెనుకకు జరిగినచో రంగు మాత్రమే కనబడును. ఆరోగ్యవంతమైన మానవనేత్రము ఒక డిగ్రీలో అఱువదవ వంతు కోణము వఱకు రెండు చుక్కలను వేఱుపఱచి చూడగలదు. అంతకంటె చిన్నదైన కోణమున నవి కలిసిపోవును. ఈ లెక్కనుబట్టి నూఱు అంగుళముల 4కె తెరపై చుక్కలు ఆఱున్నర అడుగుల దూరమునకు మించి గనబడవు. తెరకు వచ్చు చిత్రము ఫుల్ హెచ్.డి. తరగతిదైనచో, అనగా అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలది యైనచో, 13 అడుగులు వెనుకకు జరుగవలయును. 8కె తెరపై చుక్కలు మూడుంబావు అడుగుల లోపలనే కనబడును. ఇంట నంత దగ్గఱగా నెవరును కూర్చుండరు గావున 8కె కొఱకు అధికధన మిచ్చుటవలన ఫలము లేదు.

మన పెద్దలు చూచిన టెలివిజనును ఇచ్చట జ్ఞాపకము చేసికొనుట మంచిది. భారతదేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ఆరంభమయ్యెను. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977లో వచ్చెను. 1982లో రంగులు వచ్చినవి. ఆనాటి చిత్రమున 625 గీతలుండెడివి. వానిలో కంటికి గనబడు చిత్రమును మోయునవి 576. 1987, 1988 సంవత్సరములలో రామాయణము ప్రసారమగునప్పుడు వీథి వీథియంతయు నొక యింటి ముంగిట జేరి, ఇరువది అంగుళముల గాజుతెరను జూచెడివారు. ఆ తెర ఎత్తు పండ్రెండంగుళములు మాత్రమే. ఆఱడుగుల దూరమున కూర్చున్నవారికి గీతలు కలిసిపోయి చిత్రము నిండుగా గనబడెను. నేటికిని కేబులు ద్వారా వచ్చు అనేక సాధారణ చానెళ్లు ఆ 576 గీతలవే. వానినే నలువదితొమ్మిదంగుళముల ఎత్తునకు బరచినచో, అవి కలిసిపోవుటకు 24 అడుగులు వెనుకకు బోవలయును. మన యిండ్లలో నట్టి గది యరుదు.

కోరుట్లలో నొక గృహము

కోరుట్లలో మాకు పరిచితమైన యొక గృహమున జరిగినదానిని జెప్పెదము. ఆ యింటి కుమారుడు గల్ఫు దేశమున పనిచేయుచున్నాడు. తల్లికి చూపు కొంచెము మందగించినది. ఆమె కొఱకై యతడు ధనము పంపి నూఱు అంగుళముల టెలివిజనును కొనిపించెను. గది పది యడుగులది. ఎదుటి గోడకు జేరవేసిన మంచముపై కూర్చున్నవారికిని తెరకును నడుమ ఎనిమిది యడుగుల దూరము. టెలివిజను వచ్చిననాడు ఇరుగుపొరుగువారందఱు చూడ వచ్చిరి. కేబులు చానెలు పెట్టగా ముఖములు మసకబాఱి, అంచులు నీటిలో దడిసిన సిరావలె వ్యాపించి కనబడెను. ఆ రాత్రి కుమారుడు ఫోనులో వీడియో పిలుపు పిలిచెను. మనుమడు దానిని పెద్దతెరకు కలిపెను. తల్లి కొంతసేపు చూచి, “పెద్దగైతే అయిండు గాని, వాని మొఖం తెలుస్తలేదు బిడ్డా” యని ఫోనునే చేత బుచ్చుకొనెను.

కంపెనీవాడు మోసము చేసెనని యింటివారు తలంచిరి. మేము చూడగా తెరయందు లోపము కనబడలేదు. మనుమడు అంతర్జాలమునుండి 4కె చిత్రము నొకదానిని బెట్టగా అదే తెరపై వరికంకులపై గింజలు లెక్కింప వీలగునంత తేటగా కనబడెను. ఎనిమిదడుగుల దూరము 4కెకు చాలును. 576 గీతలకు చాలదు. వీడియో పిలుపుల చిత్రమో, అది యిరుకైన దారిలో ఆగక నడచుటకై మిక్కిలి కుదింపబడి వచ్చును. ఫోను తెరపై నది దట్టముగా నుండును. నూఱు అంగుళములపై పలుచబడును. ఇందువలన మొదటి నియమము తేలుచున్నది. తెర తనకు వచ్చిన చిత్రముకంటె మేలైన చిత్రమును చూపజాలదు. మంచి టెలివిజనులలోని యంత్రము లేని చుక్కలను ఊహించి నింపును. దానివలన కొంత మేలు గలుగును. కాని ఊహించిన ముఖము నిజమైన ముఖము గాదు.

ఆ గృహమున నింకొక యిబ్బందియు గలదు. ఎనిమిదడుగుల దూరమున నూఱు అంగుళముల తెర కంటి యెదుట 49 డిగ్రీల కోణమును ఆక్రమించును. చలనచిత్ర నిపుణులు 30 డిగ్రీలకు తక్కువ గాకుండ నుండిన మేలనియు, 40 డిగ్రీలైనచో సినిమాశాల యనుభవము గలుగుననియు చెప్పుదురు. అంతకు మించినచో ఆటలో స్కోరును చూచుటకు ఒక ప్రక్కకును, బంతిని చూచుటకు మఱియొక ప్రక్కకును మెడ త్రిప్పుచుండవలసి వచ్చును. ఈ 40, 30 డిగ్రీల మేరలను అడుగులలోనికి మార్చినచో నీ క్రింది దూరములు వచ్చును.

55 అంగుళముల తెరకు 5½ నుండి 7½ అడుగులు.
65 అంగుళముల తెరకు 6½ నుండి 9 అడుగులు.
75 అంగుళముల తెరకు 7½ నుండి 10 అడుగులు.
85 అంగుళముల తెరకు 8½ నుండి 11½ అడుగులు.
100 అంగుళముల తెరకు 10 నుండి 13½ అడుగులు.

అనగా ఆ గదికి 75 అంగుళముల తెర సరిపోయి యుండెడిది; అంతే ధనమునకు మేలైన చిత్రమును వచ్చెడిది.

నలుపు యొక్క విలువ

ఇంతవఱకు చుక్కల లెక్కను మాత్రమే చెప్పితిమి. నాణ్యమునకు రెండవ ముఖము గలదు. అది వెలుగు నీడల భేదము. దీనినే కాంట్రాస్టు అందురు. చాల టెలివిజనులు ఎల్.సి.డి. పద్ధతివి. వానిలో తెర వెనుక దీపములు వెలుగుచుండును. ముందున్న ద్రవస్ఫటికముల పొర కిటికీ తలుపులవలె తెఱచుకొని మూసికొనుచు ఆ వెలుగును కొలిచి విడుచును. ఎంత గట్టిగ మూసినను తలుపు సందులనుండి కొంత వెలుగు జాఱును. కావున అర్ధరాత్రి దృశ్యమున నలుపు నలుపుగా గాక బూడిదరంగుగా గనబడును. సాధారణపు తెరలలో తెలుపునకును నలుపునకును గల భేదము జాతిని బట్టి వేయిరెట్లు మొదలు అయిదువేల రెట్ల వఱకు నుండును.

దీనికి విరుగుడుగా వెనుక దీపములను మండలములుగా విభజించి, చీకటి గల చోట వానిని తగ్గించు నుపాయము గలదు. మిక్కిలి చిన్న దీపములు వేలకొలదిగా బెట్టి చేసినదానిని మినీ ఎల్.ఇ.డి. అందురు. మండలములెన్ని యున్న నంత మేలు. ఇచ్చట మరల వైశాల్యము వచ్చి యడ్డుపడును. 500 మండలములు 75 అంగుళముల తెరయందున్న ఒక్కొక్క మండలము అయిదు చదరపు అంగుళములకు లోబడి యుండును. నూఱు అంగుళముల తెరయం దవే యున్నచో ఎనిమిదిన్నర చదరపు అంగుళములు. చీకటి ఆకాశమున చంద్రుడున్న చోట చుట్టును అంతమేర తెల్లని మసక వలయము గనబడును. తక్కువ ధరకు వచ్చు పెద్దతెరలలో కొన్నింట మండలములే యుండవు.

ఓలెడ్ అను పద్ధతిలో వెనుక దీపమే లేదు. ప్రతి చుక్కయు తానే వెలుగును, తానే ఆఱును. అందుచే నలుపు నిజముగా నలుపు. ప్రక్కనుండి చూచినను రంగులు మారవు. కాని యది నూఱు అంగుళముల మేర సామాన్యుల కందు ధరకు దొరకదు. పట్టపగలు కిటికీలు తెఱచిన గదిలో నంత ప్రకాశమును చూపజాలదు. ఒకే చానెలు గుఱుతు ఏండ్ల తరబడి ఒకే చోట నిలిచినచో దాని జాడ తెరపై మిగులు భయమును గలదు.

పెద్దతెరపై చలనమును మఱవరాదు. చలనచిత్రమున సెకనునకు 24 బొమ్మలు నడచును. 60 సారులు మారు తెరపై 24 సమముగా భాగింపబడదు. ఒక బొమ్మ రెండు సారులు, మఱియొకటి మూడు సారులు నిలిచి, నడక కుంటువడును. 120 సారులు మారు తెరపై ప్రతి బొమ్మయు సరిగా అయిదు సారులు నిలుచును. కెమేరా అయిదు సెకనులలో తెర యంత మేర తిరిగె ననుకొందము. 55 అంగుళముల తెరపై ఒక బొమ్మకును మఱియొక బొమ్మకును నడుమ దుముకు అంగుళములో నలువది వంతులు నూటికి. నూఱు అంగుళములపై నది డెబ్బదిమూడు వంతులు. చిన్న తెరపై మన మెఱుగని కుదుపు పెద్దతెరపై కన్ను నొప్పించును. కావున పెద్దతెర కొనువాడు చిన్నతెర కొనువానికంటె నాణ్యమును ఎక్కువగా విచారింపవలయును, తక్కువగా గాదు.

రెండవ పక్షము

న్యాయముగా రెండవ పక్షమును చెప్పవలయును. తెర పెద్దదగుట ప్రతి నిమిషమును కన్ను అనుభవించును. నలుపు యొక్క లోతు చీకటి దృశ్యములలో మాత్రమే తెలియును. పగటిపూట క్రికెటు, వార్తలు, పాటలు చూచు కుటుంబమున నలుపు లోతునకై పెట్టిన ధనము చాలవఱకు వ్యర్థమగును. వెలుగు నిండిన గదిలో నెంత మేలైన తెరయైనను తనపై బడు కాంతిని తిప్పికొట్టును గావున నలుపు చెడును. కొన్నాళ్లకు పెద్దతెరకు అలవాటుపడిన కన్ను చిన్నదానికి మరలుటకు ఇష్టపడదు. పది మంది కలిసి చూచు నింటిలో దూరమున గూర్చున్నవానికి పెద్దతెరయే ఉపకారము చేయును. ఈ మాటలన్నియు నిజములే. కావున పరిమాణము డంబము, నాణ్యము వివేకము అని తీర్పు చెప్పుట సరిగాదు. ఎచ్చట, ఎవరికి, ఏమి చూచుటకు అని యడుగవలయును.

చివరి బల్ల

ఇందుకు జగిత్యాలలో మేము కొలిచి చూచిన పాఠశాల మందిర మొకటి తార్కాణము. తెర యుంచదగిన గోడనుండి చివరి బల్లవఱకు 24 అడుగులు. పాఠములు చూపుటకు నిపుణులు చెప్పు నియమ మేమనగా, చివర కూర్చున్నవాడు తెర ఎత్తునకు ఆఱు రెట్లకు మించిన దూరమున నుండరాదు. 65 అంగుళముల తెర ఎత్తు 32 అంగుళములు. ఆఱు రెట్లు 16 అడుగులు. దాని వెనుకనున్న బల్లలవారు బొమ్మను చూతురు గాని యక్షరములను చదువజాలరు. నూఱు అంగుళముల తెర ఎత్తు 49 అంగుళములు. ఆఱు రెట్లు ఇరువదినాలుగున్నర అడుగులు. చివరి బల్ల సరిగా దానిలో నిముడును.

తెలుగు లిపికి ఈ విచార మింకను ముఖ్యము. మన యక్షరమునకు పైన గుడియు, ప్రక్కన కొమ్మును, క్రింద వత్తును ఉండును. వత్తు తెలియకున్న పదమే మారిపోవును. 24 అడుగుల దూరమున శ్రమలేక చదువవలెనన్న అక్షరము ఎత్తు ఒకటిన్నర అంగుళమునకు పైన నుండవలయును. వత్తులకును పంక్తుల నడుమ ఎడమునకును స్థలము విడిచినచో నూఱు అంగుళముల తెరపై పది పండ్రెండు పంక్తులకంటె పట్టవు. ఉపాధ్యాయుడు ఇరువది పంక్తులు క్రుక్కినచో ఎంత పెద్ద తెరయు చివరి బల్లవానికి ఉపకరింపదు.

ఈ మందిరమున లోతైన నలుపుతో పనిలేదు. పాఠములలో చాలవఱకు తెల్లని పుటపై నల్లని యక్షరములే. కావలసినవి మూడు: కిటికీల వెలుతురును మించు ప్రకాశము, ప్రతిబింబములను అణచు తెరపూత, ప్రక్క బల్లలనుండి చూచినను రంగు చెడని గుణము. రంగుల సత్యమును విడువరాదు. జగిత్యాల చెంతనున్న పొలాసలో వ్యవసాయ పరిశోధనా స్థానమును, వ్యవసాయ కళాశాలయు గలవు. ‘జగిత్యాల సన్నాలు’ అను వరివంగడము అచ్చటిదే. అట్టి ప్రాంతపు బాలురకు వరి యాకు తెగులును తెరపై చూపునప్పుడు పసుపు పసుపుగాను, గోధుమరంగు గోధుమరంగుగాను గనబడనిచో పాఠమే తప్పగును.

ప్రొజెక్టరు చవుక గదా యని కొంద ఱనవచ్చును. ప్రొజెక్టరు వెలుగును వేయగలదు గాని నలుపును వేయజాలదు. దాని నలుపు వెలుగు పడని తెల్లగోడయే. కిటికీలన్నియు మూసి చీకటి చేయగలిగినచో నది పనికివచ్చును; పగటి తరగతులలో, గాలి కావలసిన వేసవిలో, నట్లు చేయుట కష్టము. ఈ మందిరమునకు నూఱు అంగుళముల సాధారణపు తెరయే తగినది. కోరుట్ల గదికి తగనిది ఇచ్చట తగినదైనది. వస్తు వొక్కటియే, దూరము మారినది, పని మారినది.

కొనుటకు ముందు

ఇక క్రమమును చెప్పెదము. మొదట టేపు తీసికొని కన్నులుండు చోటినుండి తెర యుండు చోటివఱకు కొలువవలెను. పైని పట్టికలో ఆ దూరమునకు తగిన కొలతలలో నడిమిదానిని ఎంచుకొనవలెను. రెండవది, ఇంటికి వచ్చు చిత్రమేదో తెలిసికొనవలెను. 4కె చిత్రమును అంతర్జాలమున తెప్పించుటకు సెకనునకు 15 నుండి 25 మెగాబిట్ల వేగము నిలకడగా నుండవలయును. కేబులు సాధారణ చానెళ్లే చూచువారు మొదట హెచ్.డి. పెట్టెను తెచ్చుకొనుట మేలు. మూడవది, గది వెలుగును, చూచు వేళను విచారింపవలెను. రాత్రి దీపములార్పి చలనచిత్రములు చూచువారికి నాణ్యము ముందు. పగలు ఆటలు చూచువారికి పరిమాణము, ప్రకాశము ముందు.

అంగడిలో తెరలన్నియు మిక్కిలి ప్రకాశముగా, రంగులు ముదురుగా ఉండునట్లు అమర్చబడి యుండును. పూలు, పండ్లు, సముద్రపు చేపలు చూపబడును. వాని యెదుట ఏ తెరయైనను అందముగానే యుండును. కావున నాలుగు దృశ్యములను అడిగి చూడవలెను: మనుష్యుని ముఖము, సాయంకాలపు ఆకాశము, రాత్రి దృశ్యము, మైదానమున పరుగిడు బంతి. ఆకాశమున రంగు మెట్లు మెట్లుగా గనబడినచో ఛాయలు చాలవని యెఱుగవలెను. మేలైన తెర ఒక్కొక్క మూలవర్ణమునకు 1024 ఛాయలు చూపును. తక్కువది 256 మాత్రమే చూపును. తన యింటి దూరమెంతో అంతదూరమున నిలిచి, తరువాత ప్రక్కకు జరిగి చూడవలెను. తుదకు ద్వారము, మెట్లు కొలువవలెను. నూఱు అంగుళముల తెర పెట్టె ఏడున్నర అడుగులకు మించి యుండును. దానిని పండుకొనబెట్టి తేగూడదు. మేడ మలుపున నిలిచిపోయిన పెట్టెలను మేము చూచితిమి. నక్షత్రముల చీటి చూచి విద్యుత్తు ఖర్చును తెలిసికొనవలెను.

కోరుట్ల గృహమువారు టెలివిజనును మార్చలేకపోయిరి. గదికిని వసారాకును నడుమనున్న తలుపును తెఱచి, మంచమును వసారా అంచునకు జరిపిరి. దూరము పదునొకండు అడుగులయ్యెను. హెచ్.డి. పెట్టెను దెచ్చిరి. రాత్రులందు తెర వెనుక చిన్న దీపము నొకటి వెలిగించిరి; దానివలన కంటికి నలుపు మఱింత నల్లగా తోచును. ఇప్పుడు చిత్రము చూడదగినదిగా నున్నది. కుమారుని పిలుపు వచ్చునప్పుడు మాత్ర మా తల్లి ఫోనునే చేతబట్టుకొనుచున్నది. అది లెక్కప్రకారము సరియైన పనియే.

విద్యార్థులారా, మీ యింట టెలివిజను కొనుమాట వచ్చినప్పుడు పెద్దలు అంగడివాని మాట వినుటకు ముందే మీరు టేపు పట్టుకొని గదిని కొలువుడు. ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి నాయనగారి చేతి కిండు. పరిమాణమును దూరము నిర్ణయించును. ఆ పైన మిగిలిన ధనమంతయు చిత్రపు నాణ్యమునకు బెట్టుట యుక్తము. గది కోరనంత తెరను కొన్నవాడు అంగుళములను కొనును గాని చిత్రమును కొనడు. చివరి బల్లవాని కందని తెరను కొన్న పాఠశాలయు నట్లే నష్టపోవును. రెండు తప్పులును అయిదు నిమిషముల కొలతతో తప్పించుకొన దగినవే.